పనివాని చొక్కా

మొన్నటి శీతకాలమున తొమ్మిదవ తరగతి విద్యార్థులకు ఇక్ష్వాకుల చరిత్ర చెప్పుచు, నాగార్జునకొండ త్రవ్వకములలో బయల్పడిన శిల్పముల ఛాయాచిత్రములను కొన్నింటిని మేము తరగతిలో చూపితిమి. ఆ శిల్పములలో రాజులు, పరిచారకులు, సామాన్యజనులు మిక్కిలిగా నడుమునకు వస్త్రము చుట్టుకొని, పై శరీరమున హారములు తప్ప మరేమియు లేక కనబడుదురు. ఒక స్తంభముమీది మూర్తి మాత్రము వేరు. గడ్డము పెంచి, తలపై టోపీ పెట్టి, చేత బల్లెము పట్టి నిలిచిన యోధుడతడు. పొడుగుచేతుల కుట్టుచొక్కా తొడిగియున్నాడు. వేషమునుబట్టి అతనిని శకజాతీయుడని పండితులు గుర్తించిరి. వెనుకబల్లమీద కూర్చుండు పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, అందరూ చొక్కా లేకుండా ఉంటే ఈయనొక్కడే ఇంత ఎండలో ఎందుకు తొడుక్కున్నాడండీ?" అని అడిగెను. తరగతి నవ్వినది. మేమును నవ్వి, "అతడు చలిదేశమువాడు" అని చెప్పి పాఠము సాగించితిమి.

ఆ సమాధానము చాలదని మాకు తోచుటకు వారము దినములు పట్టినది. మా పెరటిబావి పూడిక తీయుటకు ఏటేట వచ్చు మనిషి ఆ ఆదివారము వచ్చెను. వయస్సున మాకంటె పెద్ద. అంతకు ముందు నెలలో మా పాతచొక్కా నొకదానిని అతనికిచ్చియుంటిమి. తెల్లనిది, పలుచనిది, కాలరు కొంచెము నలిగినది. దానినే తొడిగికొని వచ్చి, గిలకకు తాడు అమర్చగానే విప్పి, జాగ్రత్తగా మడిచి, నందివర్ధనపు కొమ్మమీద పెట్టి, వట్టి యొంటితో బావిలోనికి దిగెను. మధ్యాహ్నము పైకి వచ్చునప్పటికి బావిరాళ్లు ఒరసికొని వీపు గీరుకొనిపోయినది. తాడు మోసిన భుజము కమిలినది. చొక్కా తొడిగికొని దిగరాదా యని మేమడిగితిమి. "ఇది పనికి తొడుక్కునే చొక్కానా పంతులుగారూ? ఊళ్లోకి వచ్చేటప్పుడు తొడుక్కుంటాను. లోపలికి దిగితే గంటలో చిరుగుతుంది" అని అతడు నవ్వుచునే చెప్పెను.

ఆ మాట మాకు తగిలినది. మేమిచ్చినది మా పనికి, అనగా కుర్చీలో కూర్చుండి పుస్తకపుటలు త్రిప్పుటకు, కుట్టించుకొన్న చొక్కా. దానిని అతని పనికి ఇచ్చి, దానము చేసితిమని తృప్తిపడితిమి. నిజముగా చొక్కా కావలసిన వీపు ఎవరిది? రాతికి, తాటికి, ఎండకు, ముంటికి ఒడ్డబడు వీపు. ఆ వీపు వట్టిదిగా నుండగా, నీడపట్టున కూర్చుండు వీపులకు మన యిండ్లలో డజనులకొలది చొక్కాలు వ్రేలాడుచున్నవి. ఈ తలక్రిందు వ్యవహార మెట్లు వచ్చినదో తెలిసికొనగోరి మేము కొంత చదివితిమి. చదివినకొలది మాకు స్పష్టమైన దొక్కటే: చొక్కా పుట్టినది కూర్చుండువాని కొరకు కాదు, కదలువాని కొరకు.

కుట్టని వస్త్రమును తక్కువచేసి చెప్పుట మా యుద్దేశము కాదు. మన పూర్వులు కట్టిన ధోవతియు కండువయు మిక్కిలి తెలివైన వస్త్రములు. ఒకే బట్ట పగలు కట్టుబడి, రాత్రి దుప్పటి, ఎండలో తలపాగ, బరువెత్తునపుడు చుట్టకుదురు. కత్తిరింపు లేదు గనుక ఒక్క పోగైనను వృథాకాదు. ఒకచోట చిరిగినచో మడత మార్చి కట్టుకొనవచ్చును. గాలి ఆడును, ఉదుకుట సులభము. అయినను దానికొక లోపము కలదు: మిక్కిలిగా కదలెడి శరీరముపై అది నిలువదు. చేయెత్తినచో జారును, గుఱ్ఱమెక్కినచో ఎగురును, ముండ్లదారిలో చిక్కుకొనును. రెండు చేతులకును పని యున్నవానికి జారిన బట్టను సర్దుకొనుటకు మూడవచేయి లేదు. ఆ మూడవచేతి పని చేయుటకే సూది పుట్టినది.

లోకమున నేటివరకు దొరకిన నేతవస్త్రములలో మిక్కిలి ప్రాచీనమైన కుట్టువస్త్ర మొక చొక్కావంటిదే యగుట గమనింపదగినది. ఐగుప్తు దేశమున తర్ఖాను అను శ్మశానవాటికను 1913లో ఫ్లిండర్స్ పెట్రీ అను పురావస్తుశాస్త్రజ్ఞుడు త్రవ్వించినపుడు మాసిన పేలికలమూట యొకటి బయల్పడినది. దానిని విప్పిచూచువారు లేక అట్లేయుండి, 1977లో లండనులో శుభ్రపరచునపుడు అందులోనుండి అవిసెనారతో నేసిన చేతులచొక్కా యొకటి వెలువడినది. 2015లో రేడియోకార్బను పరీక్ష జరిపి, అది క్రీస్తుపూర్వము 3482 కును 3102 కును నడుమ నేయబడినదని తేల్చిరి. అయిదువేల యేండ్లకు పైబడినదన్నమాట. దాని మోచేతులకడను చంకలకడను ముడుతలు నేటికిని నిలిచియున్నవి. ఎవరో దానిని తొడిగి, చేతులు మడచి చాచి, పిమ్మట తలమీదుగా విప్పిరనుటకు అవియే సాక్ష్యము. రాజుల కిరీటములు మనకు వారి పేరులు చెప్పును. ఈ ముడుతలు ఒక మనిషి చేతుల కదలికను చెప్పుచున్నవి.

మన వాఙ్మయమును చూతము. అమరకోశములో కంచుకము, వారబాణము అను పదములు క్షత్రియవర్గమున, యుద్ధోపకరణముల సరసన నుండుట సంస్కృతము చదివినవారెల్ల నెరుగుదురు. ఏడవ శతాబ్దివాడైన బాణభట్టు హర్షచరితములో కంచుకములు, వారబాణములు, చీనచోలకములు, కూర్పాసకములు అను కుట్టువస్త్రములను పేర్కొన్నాడు. ఎచ్చట పేర్కొన్నాడు? అంతఃపురమునందు కాదు, పూజామందిరమునందు కాదు. హర్షుని సేన దండయాత్రకు కదలునపుడు సామంతరాజులు గుఱ్ఱములపైనను ఏనుగులపైనను వచ్చి చేరు ఘట్టమున. మధుర సమీపమున మాట్ అను గ్రామమున దొరకిన కనిష్కుని విగ్రహమును పొడుగుటంగీతోడను, బరువైన పాదరక్షలతోడను నిలిచియున్నది. అశ్వారూఢులైన జాతులవారి వేషమది. నాగార్జునకొండ యోధుడును ఆ కుదురువాడే. అతడు చొక్కా తొడిగినది చలిచేత మాత్రమే కాదు. స్వారిచేయువాడు, కావలికాయువాడు, దూరదేశములు తిరిగినవాడు గనుక తొడిగెను. ఆ పిల్లవానికి మేము చెప్పవలసిన సమాధానములో మొదటి భాగమిది.

స్వారికి పుట్టిన చొక్కా సేద్యమునకు దిగినపుడెట్లు మారినదో చూచుటకు ఇంగ్లాండు పల్లెలు మంచి దృష్టాంతము. 18, 19 శతాబ్దములలో అచ్చటి కాపులు, గొఱ్ఱెలకాపరులు, బండివాండ్రు స్మాకు అను వదులైన అంగీని తొడిగెడివారు. దానిలో వంపుకత్తిరింపు దాదాపు లేదు. అన్నియు చదరపు ముక్కలు, పొడుగు ముక్కలు. గుడ్డ వృథాకాదు, ఇంటి ఆడువారే కుట్టగలరు. రొమ్మునొద్దను మణికట్టులయొద్దను గుడ్డను కుచ్చెళ్లుగా పోసి, ఆ కుచ్చెళ్లపై గట్టిదారముతో కుట్లు వేసెడివారు. చూచుటకు అది అలంకారము, చేయుపని వేరు. ఆ కుచ్చెళ్లు సాగి మరల దగ్గరపడును గనుక, గడ్డిమోపు ఎత్తినపుడు చొక్కా వీపు బిగియదు. మరియు కొన్ని స్మాకులకు ముందువెనుకల భేదము లేదు; ముందుభాగము మాసినయెడల త్రిప్పి తొడిగికొనవచ్చును. పొలమునకు యంత్రములు వచ్చినపిమ్మట ఆ వదులు గుడ్డ చక్రములలో చిక్కుకొని ప్రమాదము తెచ్చునది గనుక స్మాకు క్రమముగా తొలగినది. పని పుట్టించిన దుస్తును పనియే తొలగించినది. అందులో విచారింపదగినది లేదు.

ఇక చొక్కాలకు నూలుగుడ్డ నేసి లోకమున కిచ్చినవారిలో మన తెలుగు నేతగాండ్రు ముందువరుసలోనివారు. నరసాపురము చెంత గోదావరియొడ్డున మాధవాయపాలెము అను గ్రామమున 17వ శతాబ్దిలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు వర్తకస్థానము పెట్టిరి. అచ్చటినుండి ఓడలకెక్కిన మెత్తని నూలుగుడ్డకు ఆ గ్రామము పేరే మడపొల్లాము అని మారి నిలిచినది. తరువాత అదే తీరు గుడ్డను సీమమరలు నేసినను పేరు మారలేదు. రెండవ ప్రపంచయుద్ధమున మస్కిటో అను కొయ్యవిమానమునకు పైన అంటించిన గుడ్డయు ఈ జాతిదే. గోదావరి గ్రామము పేరు ఆకసమున కెక్కినది. దానిని మొదట నేసినవాడు మాత్రము గుంటమగ్గములో వట్టి యొంటితోనే కూర్చుండెను. లోకమునకు చొక్కాలు నేసి తాను చొక్కా లేక యుండుట అతని తెలివితక్కువచేత వచ్చినది కాదు. నేసినదానిని కొని తొడుగు స్తోమత అతనికి మిగులలేదు.

ఆ కంపెనీవారే తమ సిపాయిలకు తొడిగిన దుస్తు విపరీత మైనది. సీమచలికి తగిన ఎఱ్ఱని ఉన్నికోటును, మెడకు బిగుతుపట్టీని, మన ఎండలో తొడిగించి నడిపించిరి. ఆ దుస్తు కవాతుమైదానమున అధికారికంటికి అందము; తొడిగినవానికి ఉక్కపోత. ఈ మౌఢ్యమునుండి తొలుత బయటపడినది వాయవ్యసరిహద్దున. 1846లో పెషావరున హ్యారీ లమ్స్‌డెన్ అను యువసైనికోద్యోగి గైడ్సు అను దళమును కూర్చెను. కొండదారులలో శత్రువు జాడ తీయుట వారి పని. ఎఱ్ఱకోటుతో జాడ తీయువాడు తన జాడయే యిచ్చును గదా! కావున అతడు తనవారికి వదులైన నూలుదుస్తులు, నేలరంగు అద్దకముతో నిచ్చెను. పారసీకమున ఖాక్ అనగా ధూళి, ధూళిరంగుగలది ఖాకీ. 1857లో ఉత్తరదేశమున పోరాడిన ఇంగ్లీషు పటాలములు కూడ తమ తెల్లని డ్రిల్లుదుస్తులను తేయాకు నీటితోను బురదతోను రంగు మార్చుకొనిరి. మాసినను మాసినట్లు కనబడకుండుట ఆ రంగునందలి మరియొక సుగుణము. నీరు దొరకని ప్రయాణమున అది చిన్న మేలు కాదు.

ఐనను ఇంటియద్దకము నిలువలేదు. నాలుగు ఉదుకులకు ఒకని చొక్కా పసుపు, ఇంకొకని చొక్కా బూడిద. 1851లో నేతశాల ప్రారంభించిన మంగళూరు బాసెల్ మిషనువారి ఖాకీగుడ్డ మన దక్షిణదేశమున పేరుగాంచినది. 1884లో లాంకషైరునందలి అక్రింగ్టను పట్టణమున ఫ్రెడరిక్ గాటీ అనువాడు ఇనుము, క్రోమియము అను లోహముల లవణములతో నూలుపోగులోనే రంగు ఊరి నిలుచు విధమునకు పేటెంటు పొందెను. ఎండకు వెలియని, ఉదుకునకు పోని ఖాకీ అప్పుడు సిద్ధించినది. 1902 నాటికి ఇంగ్లీషు సైన్యము స్వదేశమునందును ఎఱ్ఱకోటును నిత్యసేవనుండి తొలగించి ఖాకీని స్వీకరించెను. కొండదారిలో నడిచినవాని యవసరము రాజధానిలోని దర్జీల పట్టుదలను జయించుటకు అర్ధశతాబ్దమునకు మించి పట్టినది.

ఇచ్చట ఒక విపర్యయమును గుర్తింపవలెను. ధూళిలో కలిసిపోవుటకు పుట్టిన రంగు పల్లెలో పోలీసువాని గుర్తైనది. దానిని చూడగానే పిల్లలు తలుపుచాటునకు పోవుకాలము మేమును ఎరుగుదుము. అదే రంగు తరువాత బస్సు నడుపువానికి, ఆటో త్రోలువానికి, యంత్రశాలలో నూనె పోయువానికి దుస్తై, మరల కష్టజీవుల చెంత చేరినది. దుస్తు పనిముట్టుగా పుట్టును. అధికారము దానిని చిహ్నముగా తీసికొనును. కొంతకాలమునకు పని దానిని మరల తనదిగా చేసికొనును. దక్షిణామెరికాయందు 1843లో మాంటెవిడియోలో గారిబాల్డీ తన ఇటాలియను దళమునకు ఎఱ్ఱచొక్కాలు తొడిగించెను. అవి కసాయిశాలల పనివారికై సిద్ధపరచిన చవుకసరకని చెప్పుదురు. 1860లో సిసిలీద్వీపమున దిగినపుడు ఆ చొక్కాయే ఒక జాతి పతాకవలె వెలిగినది. పనిచొక్కా స్వభావముచేత హీనమైనదన్న మాట ఆనాడే పూర్వపక్షమైనది.

గుడ్డ, రంగు కుదిరినవి, మిగిలినది కుట్టు. ఈ విషయమున మాకు మిక్కిలి ప్రియమైన వృత్తాంతము ఒక దర్జీది. అమెరికాయందు నెవాడా రాష్ట్రమున రీనో అను చిన్నపట్టణములో జాకబ్ డేవిస్ అనువాడు కుట్టుపని చేసికొని జీవించుచుండెను. ఒక కట్టెలుకొట్టువాని భార్య వచ్చి, తన భర్తకు లాగులు నిలుచుట లేదనియు, చిరుగని లాగు నొకదానిని కుట్టియిమ్మనియు కోరెను. డేవిస్ గుడ్డను మార్చలేదు. చిరుగు ఎచ్చట మొదలగునో చూచెను. జేబుల మూలలలో. గుఱ్ఱపుకంబళ్లకు వాడు రాగిరివెట్లు చేరువనే యుండగా, వానిని ఆ మూలలలో కొట్టెను. పనివాండ్రు వరుసకట్టి కొనిరి. పేటెంటు సొమ్మునకు చాలక, తనకు గుడ్డ అమ్ము లెవీ స్ట్రాస్‌ను భాగస్వామిగా చేర్చుకొనగా, 1873 మే 20వ తేదీన వారికి పేటెంటు లభించినది. అది లాగు కథయే యైనను చొక్కాకు కూడ పాఠమే: గుడ్డ అంతట ఒక్కమారుగా చిరుగదు, బలము పడుచోట చిరుగును. ఆ చోటు ఏదో శాస్త్రజ్ఞునికంటె ముందు తెలిసినది దానిని ఉదికి, అతుకువేయు ఇల్లాలికి.

గాలి విషయము కూడ ఇట్లే తేలినది. 1888లో ఇంగ్లాండునందు లూయిస్ హాస్లామ్ అనువాడు చిన్నచిన్న గండ్లతో నేసిన ఏర్టెక్సు అను గుడ్డను వెలువరించెను. గండ్లలో నిలిచిన గాలి చలిలో కాపాడును. వేడిలో చెమటను పోనిచ్చును. రెండవ ప్రపంచయుద్ధమున బర్మా అడవులలో పోరాడిన సైనికులకు అట్టి గుడ్డతో ఆకుపచ్చని బుష్‌షర్టులు కుట్టిరి. నాలుగు జేబులు, వదులైన నడుము, లాగుపైన విడిచి తొడుగుట, ఇవి దాని లక్షణములు. ఆ బుష్‌షర్టే మన పట్టణములకు వచ్చి, ఇస్త్రీపడి, గుమాస్తాల మర్యాదదుస్తై కూర్చున్నది!

ఆశ్చర్యకరముగా, ఖాకీరంగునకు స్థిరత్వము కలిగించిన ఆ అక్రింగ్టను పట్టణమునందే 1941లో విన్‌ఫీల్డు, డిక్సన్ అను ఇద్దరు రసాయనజ్ఞులు టెరిలీన్ దారమును కనుగొనిరి. తరువాతి దశాబ్దములలో అది మన యిండ్లకు వచ్చినప్పుడు ఎంత గౌరవము పొందెనో మా పెద్దలు చెప్పగా వింటిమి. నలగదు, వెంటనే ఆరును, ఏండ్లతరబడి నిలుచును. ఇవి నిజమైన గుణములే. కాని నూలు తన బరువులో నూటికి ఎనిమిదిన్నర పాళ్లవరకు గాలిలోని తేమను పీల్చుకొనగా, టెరిలీను నూటికి అరపాలైనను పీల్చదు. కావున చెమట చర్మముపైననే నిలుచును. నిప్పురవ్వ పడినయెడల నూలు కాలి బూడిదయగును. టెరిలీను కరగి చర్మమున కంటుకొనును. కొలిమియొద్దను, బట్టీయొద్దను, పొయ్యియొద్దను పనిచేయువారు దానిని తొడుగరాదు. మరియొక విశేషము: తడిసిన నూలుపోగు ఎండిన నూలుపోగుకంటె బలమైనది. చాకిరేవు బండపై అన్ని దెబ్బలు తినియు నూలుబట్ట బ్రతుకుట అందువలననే.

ఎండలో తెల్లచొక్కాయే చల్లనిదని మనమందరము నమ్ముదుము. 1980లో కొందరు శాస్త్రజ్ఞులు సినాయి ఎడారిలోని బదూయినులు నల్లని అంగీలేల తొడుగుదురను ప్రశ్నను పరీక్షించి ప్రకటించిరి. నల్లని అంగీ ఎక్కువ వేడిని పట్టుకొన్నమాట నిజమే. కాని అది వదులుగా నుండుటచేత ఆ వేడి చర్మమును చేరకముందే గాలివలన పోవుచున్నదని తేలినది. తెల్లని అంగీ తొడిగినవానికిని నల్లని అంగీ తొడిగినవానికిని శరీరమునకు సోకిన వేడి ఒక్కటే. రంగుకంటె వదులు ముఖ్యము. మాపునకు అంజి కష్టజీవి తెల్లచొక్కా మానవలసిన పని లేదు గాని, దానికొరకు ఆరాటపడవలసిన పనియు లేదు.

ఇంతవరకు వచ్చి, చొక్కా వట్టి పనిముట్టే, మర్యాదతో దానికి పనిలేదని మేము నిర్ణయింపబోయితిమి. కాని చరిత్ర మమ్ము ఆపినది. ఒంటిపై గుడ్డ వేసికొనుటయే నేరమైన జనులు ఈ దేశముననే యుండిరి. తిరువాన్కూరు సంస్థానమున నాడారు స్త్రీలు రొమ్ముపై వస్త్రము కప్పుకొనుట కొరకు దశాబ్దములు దెబ్బలుతిని పోరాడగా, 1859 జూలైలో గాని అనుమతి లభింపలేదు. అప్పుడును పైకులముల స్త్రీలవలె కప్పుకొనరాదని మెలిక పెట్టిరి. 1927 డిసెంబరులో మహాడు సభకు వచ్చిన స్త్రీలతో డాక్టరు అంబేద్కరు, కులమును చాటు కట్టుబడిని మాని తక్కినవారివలె నిండుగా చీరకట్టుడని బోధించెను. మన పల్లెలలో దొరయెదుట తలగుడ్డ విప్పి, కండువ నడుమునకు చుట్టి, చెప్పులు చేతబట్టి నిలుచుట నిన్నమొన్నటి మాట. ఇట్టి చరిత్ర వెనుకగలవాడు మా చొక్కాను చిరుగనీయక కొమ్మమీద పెట్టుట మౌఢ్యమని ఎట్లనగలము? ఊరిలోనికి వచ్చునపుడు అది అతని కవచము. మనము మాన్పింపవలసినది అతని మర్యాదను కాదు. మర్యాదకు చొక్కా, పనికి వట్టివీపు అను ఏర్పాటును. అతనికి రెండును కావలెను.

కావున పనికిని ప్రయాణమునకును చొక్కా నెట్లు ఎన్నవలెనో మా బుద్ధికి తోచినంత చెప్పుదుము. గుడ్డ నూలుదై, ఏటవాలు నేతగలదై యుండవలెను. దగ్గరగా చూచినచో గుడ్డపై ఓరగీతలు కనబడును. డ్రిల్లు ఈ జాతిదే. సాదానేతలో పడుగు పేక ఒక్కొక్కటిగా పెనగొనును గనుక లాగినపుడు పోగులు ఒంటరిగా తెగును. ఏటవాలు నేతలో పోగులు కొంచెము జరిగి గుంపుగూడి బలమును పంచుకొనును. చదరపు మీటరునకు 150 మొదలు 200 గ్రాముల బరువు మన ఎండకు చాలును. అంతకంటె బరువైనది ఉక్క, తేలికైనది చిరుగు. వెలుతురునకు పట్టి చూడుడు. సూదిబెజ్జములవలె వెలుగు కనబడినచో ఆ గుడ్డ పనికి కాదు.

కత్తిరింపునకు ముందు గుడ్డను ఒక రాత్రి నీట నానవేసి ఆరవేయవలెను. కుంచించుకొనునదేదో దర్జీ బల్లపైకి పోకముందే కుంచించుకొనును. భుజములపై గుడ్డ రెండు పొరలుగా నుండవలెను. తాడును, కావడియు, సంచిపట్టెడయు పడునది అచ్చటనే. చంకలో చదరపు ముక్క నొకదానిని చేర్చి కుట్టించినచో చేయెత్తినపుడు చొక్కా పైకి లేవదు. అంచులు లోపలికి మడిచి రెండు వరుసల కుట్టు వేయించుడు. ఒక వరుస తెగినను రెండవది నిలుచును. చేతులు పొడుగుగా నుండి మడుచుకొనుటకు వీలుండవలెను. బొత్తాములు నాలుగు కన్నములవై, ఒకటి రెండు అదనముగా లోపలిమడతలో కుట్టియుండవలెను. కొన్నప్పుడు అద్దమునెదుట నిలిచి చూచుకొనుట కాదు. చేతులు రెండును పైకెత్తి, వంగి నేలను తాకి, ముందునకు చాచి చూడవలెను. అప్పుడు ఎచ్చటను బిగియని చొక్కాయే పనిచొక్కా.

ఈ విద్యయంతయు ప్రయోగించి మేమొక ఖాకీడ్రిల్లు చొక్కాను కుట్టించి, వేసవికి ముందు బావిపనికి వచ్చిన ఆ మనిషికి ఇచ్చితిమి. తొడిగికొని దిగెను. మేము మిక్కిలి గర్వముతో గట్టుపై నిలుచుంటిమి. మధ్యాహ్నము పైకి వచ్చి వీపు చూపెను, గీతయైనను లేదు. "భుజం బాగుందండీ పంతులుగారూ. కానీ ఈ జేబు తీయించండి. తాడు వచ్చి దీంట్లో పడుతోంది. జేబు ఎవరిక్కావాలి లోపల?" అనెను. రొమ్మున జేబు పెట్టించినది మేమే; కలము పెట్టుకొను అలవాటు గలవాడు మరేమి ఆలోచించును! అయిదువేల యేండ్ల చొక్కా చరిత్ర చదివియు, తొడుగబోవువానిని ఒక్కమాట అడుగుట మరచితిమి. రీనో పట్టణపు దర్జీ మాకంటె తెలివైనవాడు. అతడు ముందు విని పిమ్మట సూది పట్టెను.

జేబు తీయించి, ఆ గుడ్డముక్కను మోచేతికి అదనపు పొరగా వేయించితిమి. మా యింట నిప్పుడొక నియమము పెట్టుకొంటిమి. పొలమునకో, బావికో, దడికో మనుష్యులను పిలిచినప్పుడు పాతబట్టలమూట విప్పుటకు మారుగా, ఏ పనికి ఎట్టి గుడ్డ కావలెనో వారినే అడుగుట. ఏటికి ఒకటి రెండు చొక్కాల ఖర్చు మధ్యతరగతి గృహమునకు మోయరానిది కాదు. చదువరులలో గృహిణులు ఈ సంగతిని ఆలోచింతురని మా యాశ.

వెనుకబల్లమీది పిల్లవానిని మరునాడు పిలిచి, నీ ప్రశ్నకు నేను సరిగా సమాధానము చెప్పలేదని ఒప్పుకొని, ఇక్కడ వ్రాసినదంతయు చెప్పితిమి. అతడు శ్రద్ధగా విని, "అయితే ఆ సైనికుడు పనిమీద ఉన్నాడన్నమాట" అనెను. అవును, పనిమీద నున్నాడు. తక్కినవారు కొలువులో నున్నారు.